అడగ్గానే చెప్పిన పేరు

ఎల్బీనగర్,
ఆగస్టు 18.

రాజేశ్వరికి,

నువ్వు క్షేమమని తలుస్తున్నాను అని మొదలుపెట్టాలి గాని, తలవబుద్ధి కావడం లేదు. నేను క్షేమమే, ఒక్క ఎడమ కాలు తప్ప.

నీ ఫోను స్విచ్ఛాఫ్ అంటోంది. ముప్ఫై రెండేళ్లు టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో నా పక్క కుర్చీలో హెడ్‌సెట్ తగిలించుకుని ఊరందరికీ నెంబర్లు చెప్పిన మనిషివి. నూట తొంభై ఏడుకి ఫోన్ చేసి ఎవరి పేరైనా అడిగితే, అవతలివాడు పెన్ను వెతుక్కునేలోగా నెంబరు అప్పజెప్పేదానివి. అలాంటిదానివి ఫోన్ కట్టేసి కూర్చున్నావంటే కప్పకి జలుబు చేసిందన్నట్టుంది.

నిన్న ఇందుని ఆఫీసు నుంచి వచ్చేటప్పుడు దిల్‌సుఖ్‌నగర్‌లో దిగి నిన్ను చూసి రమ్మన్నాను. "తలుపు వేసుందమ్మా. లోపల ఫ్యాను చప్పుడు వినిపిస్తోంది. బెల్లు నాలుగుసార్లు కొట్టాను, ఆంటీ పలకలేదు" అంది. ఫ్యాను తిరుగుతోందంటే మనిషి ఉన్నట్టేనని ముందు ఊపిరి పీల్చుకున్నాను. మనిషి ఉండీ తలుపు తియ్యలేదంటే ఏమనుకోవాలి?

ఆకుకూరల సత్తెమ్మ తుర్కయంజాల్ నుంచి పొద్దున్నే మా సందుకి వచ్చి, ఇక్కడ అమ్మాక మీ సందుకి వస్తుంది కదా. దాన్ని అడిగాను. "గామెకేమైందో ఏమో అమ్మా. ఇంతకుముందు కిందికొచ్చి ముచ్చట పెడ్తుండె. గిప్పుడు బాల్కనీలకెల్లి బుట్ట దించుతది, గుంజుకుంటది. మొఖం గూడ చూపెట్టదు" అంది. అందుకే ఈ ఉత్తరాన్ని తోటకూర కట్టలో పెట్టి పంపుతున్నాను. జవాబు రాసి బుట్టలో వెయ్యి, సత్తెమ్మ తెస్తుంది.

నేనే వద్దును. చీలమండలో ప్లేటు వేశారు, మేముండేది మూడో అంతస్తు, లిఫ్టు లేదు. కాకిలా కిటికీలో కూర్చుని ఫ్లైఓవర్ మీద బండ్లు లెక్కపెడుతున్నాను.

ఏమైందే? ఒక్క ముక్క రాయి.

నీ
కౌసల్య


దిల్‌సుఖ్‌నగర్,
ఆగస్టు 20.

కౌసల్యక్కకు,

నీ ఉత్తరం చదివి చించేశాను. ముక్కలు బాత్రూంలో పోసి నీళ్లు కొట్టాను. ఏమీ అనుకోకు. దీన్ని కూడా చదివి చించెయ్యి.

నాకేం కాలేదు. ఒంట్లో బాగానే ఉంది. ఫోన్ మాత్రం ఇక ముట్టుకోను. సిమ్ తీసి బియ్యం డబ్బా అడుగున దాచాను. తలుపు తియ్యను, కిందికి పోను. ఇందు వచ్చినప్పుడు నేను తలుపు వెనకే ఉన్నాను. పాపం పిల్ల "ఆంటీ, ఆంటీ" అని పిలిచింది. ఎందుకు తియ్యలేదో చెప్పలేను. చెబితే నీకు కూడా చుట్టుకుంటుంది.

ఒక్కటి అడుగుతాను, నిజం చెప్పు. ఈ మధ్య తెలియని నెంబరు నుంచి నీకేమైనా ఫోన్ వచ్చిందా? వస్తే ఎత్తకు. పొరపాటున ఎత్తినా నీ పేరు చెప్పకు.

నిన్న రాఖీ పున్నమి. ఏటా పొద్దున్నే మలక్‌పేట పోయి మా తమ్ముడు మార్కండేయులుకు రాఖీ కట్టి, అక్కడే తిని వస్తానని నీకు తెలుసు. మా ఆయన పోయిన ఏడాది కూడా తప్పలేదు. నిన్న పోలేదు. పదకొండింటికి వాడే వచ్చాడు. "అక్కా, తలుపు తియ్యవేందే? రాఖీ కట్టవా నాకు?" అన్నాడు. నేను నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నిలబడ్డాను. వాడు పోడు. పక్కింటివాళ్లను పిలుస్తాడేమోనని భయం పుట్టి, "జరమొచ్చిందిరా, అంటుకునే జరమంట. నువ్వు పో" అన్నాను. వాడు తలుపుకు ఇంకా దగ్గరగా వచ్చాడు. తర్వాత "గట్లయితే జర సందు తియ్యి, చెయ్యి లోపలికి పెడ్త, కట్టు" అన్నాడు.

తియ్యలేదు అక్కా. అరవై రెండేళ్ల నా తమ్ముడు మిఠాయి డబ్బా గడప మీద పెట్టి, "పరేషాన్ గాకు. దవాఖానకు పోవాలంటే ఫోన్ చెయ్యి, ఒస్తా" అని మెట్లు దిగిపోయాడు. వాడి చెప్పుల చప్పుడు వినబడినంతసేపు ఏడ్చాను. రాఖీ ఇంకా కవర్లోనే ఉంది.

ఇక రాయకు. సత్తెమ్మ మీద కూడా ఎవరి కన్నైనా ఉందేమో తెలియదు.

రాజేశ్వరి


ఎల్బీనగర్,
ఆగస్టు 25.

రాజేశ్వరీ,

రాయకు అన్నావు, రాస్తున్నాను. నా మాట నువ్వెప్పుడు విన్నావు గనక నీ మాట నేను వినడానికి?

నీ ఉత్తరం చించలేదు. చించను. దిండు గలేబులో పెట్టుకున్నాను. ఎవరొచ్చి చూస్తారో చూడనీ.

ఫోన్ల సంగతి అడిగావు. రోజుకి పది వస్తాయి. ప్లాటు కొనమని ఒకడు, లోను తీసుకోమని ఒకత్తె. ఎల్బీనగర్‌లో ఉన్నవాళ్లందరికీ శంషాబాద్‌లో ప్లాటు కావాలని వీళ్లకెవరు చెప్పారో! ఆ సంగతలా ఉంచు.

మార్కండేయులు గురించి చదివి అన్నం సయించలేదు. నువ్వు వాడికి తలుపు తియ్యలేదంటే అది మామూలు భయం కాదు. ఎవరో నిన్ను బెదిరించారు. టీవీలో చూపిస్తున్నారే, పోలీసులమని ఫోన్ చేసి, కేసుందని చెప్పి, ఎవరికీ చెప్పొద్దని హడలగొట్టేవాళ్లు, వాళ్లేనా? అవునంటే అవునని ఒక్క మాట రాయి. మిగతాది అడగను.

కాలికి వేసిన కుట్ల దగ్గర చీము పట్టింది. మళ్లీ కోస్తారట. నాకు కోత కన్నా ఆ మెట్ల మీదుగా నన్ను కుర్చీలో మోసుకెళ్లే వాళ్ల మొహాలు చూడడం కష్టం.

కౌసల్య


దిల్‌సుఖ్‌నగర్,
సెప్టెంబరు 10.

కౌసల్యక్కకు,

అవును.

అంతే రాసి పంపుదామనుకున్నాను. పదిహేను రోజులు ఆ ఒక్క మాట రాసిన కాగితం బల్ల మీద ఉంది. కానీ నిన్న జరిగింది చూశాక ఎవరో ఒకరికి చెప్పకపోతే నాకు పిచ్చి పట్టేటట్టుంది.

నిన్న పొద్దున మా గేటు దగ్గర కానిస్టేబుల్ నిలబడ్డాడు. బాల్కనీ తెర సందులోంచి చూశాను. చేతిలో కాగితాలున్నాయి, పైకి చూస్తున్నాడు. నన్ను తీసుకుపోవడానికే వచ్చాడనుకున్నాను. చీర మార్చుకున్నాను. ఉతికిన చీరలో పోదామని. మందుల కవరు చేతిలో పట్టుకుని బాత్రూంలో గడియ పెట్టుకుని కూర్చున్నాను. రెండు గంటలు. ఎవరూ రాలేదు. తర్వాత కింద ఓనరు మాటలు వినబడితే తెలిసింది, మా సందు గణేశ్ మండపానికి పర్మిషన్ కాగితం చూడడానికి వచ్చాడట.

ఇప్పుడు విను. ఆగస్టు ఆరు, పొద్దున పది గంటలు. నా ఆధార్ మీద ఒక పార్సిల్ పోయిందని, అందులో మత్తుమందులు దొరికాయని ఎవరో ఆడమనిషి చెప్పింది. నేను పంపలేదన్నాను. ఆఫీసరుకు లైన్ కలుపుతున్నానంది. వీడియోలో ఖాకీ చొక్కా, వెనక జెండా. చాలా మర్యాదగా మాట్లాడాడు. "మేడమ్, మీరు లైన్‌లోనే ఉండండి. కట్ చేస్తే పారిపోయినట్టు రాసుకుంటాం" అన్నాడు.

ఇంకెవరికి చెప్పినా పిచ్చిదానా, ఫోన్ పెట్టెయ్యలేకపోయావా అంటారు. నీకైతే తెలుస్తుంది. అవతలి పార్టీ ఫోన్ పెట్టేదాకా మనం పెట్టకూడదు. మొదటి రోజు ట్రైనింగులో చెప్పిన మాట అది. తాగి తిట్టేవాడైనా, ఊరికే ఊపిరి పీల్చేవాడైనా, వాడు పెట్టాకే మనం. ఈ ఆఫీసరు పెట్టలేదు. నేను పెట్టలేదు. పొద్దున పది నుంచి సాయంత్రం ఏడు దాకా, తొమ్మిది గంటలు. మధ్యలో గంటలు గంటలు ఏమీ మాట్లాడడు. నేను మాత్రం ఫోను ఎదురుగా పెట్టుకుని నిటారుగా కూర్చున్నాను. బాత్రూంకు పోవాలనిపిస్తే ఏమన్నానో తెలుసా? "రిలీఫ్ కావాలి సార్" అన్నాను. మన సీట్లో ఇంకొకరిని కూర్చోబెట్టి లేవడానికి సూపర్‌వైజర్‌ను అడిగేవాళ్లమే, అట్లా చెయ్యెత్తి అడిగాను. అరవై ఆరేళ్లదాన్ని.

మరునాడు బ్యాంకుకు పోయి ఉన్న డబ్బంతా తనిఖీకి పంపాలన్నాడు. తెల్లారి పోదామనే లేచాను. కాళ్లు మెట్లు దిగలేదు. భయం వల్ల పోలేకపోయాను తప్ప తెలివి వల్ల కాదు. ముందురోజు సాయంత్రం ఏడు గంటలకే ఫోన్లో ఛార్జింగ్ అయిపోయి లైన్ తెగింది. లైన్ నేను తెంపలేదని చెప్పడానికి కూడా దారి లేదు. తెగేముందే చెప్పాడు, డబ్బు పంపకపోతే నెల లోపల ఇంటికి వస్తామని. ఈలోగా ఎవరు నా గడప తొక్కినా వాళ్లు కూడా కేసులో ఉంటారన్నాడు.

నెల దాటింది. వస్తారు.

నీకు ఫోన్ వచ్చిందా అని అడిగాను. నువ్వు ప్లాట్ల కథ చెప్పావు.

రాజేశ్వరి


ఎల్బీనగర్,
సెప్టెంబరు 16.

రాజేశ్వరీ,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. మూడోసారి చదివాక నవ్వొచ్చింది, ఏమనుకోకు. పోలీసువాడు తొమ్మిది గంటలు ఒకే మనిషితో ఫోన్లో కూర్చుంటే మిగతా దొంగల్ని ఎవరు పట్టుకుంటారే? మనం ట్రంకాల్ కలిపితే మూడు నిమిషాలకి టింగుమనేది. వాడికి సూపర్‌వైజరే లేడా?

నవ్వు అంతవరకే. ఆ చెయ్యెత్తి అడిగావన్న చోట మాత్రం నాకు ఒళ్లు మండిపోయింది. వాడు దొరికితే నా చేతికర్ర ఉంది.

మా ఇందుని అడిగాను, నీ పేరు చెప్పలేదు. ఫోన్లో అరెస్టు చెయ్యడమనేది చట్టంలోనే లేదట. ఎవరు అలా చేసినా దొంగేనట. పందొమ్మిది ముప్ఫై అని ఒక నెంబరుంది, దానికి చేసి జరిగింది చెబితే రాసుకుంటారట. నువ్వు తప్పు చెయ్యలేదు. నిన్ను పట్టుకెళ్లడానికి ఎవరూ రారు. ఈ మాట నీ తలకెక్కదని నాకు తెలుసు. పగలు తలకెక్కినట్టే ఉండి, బెల్లు మోగేసరికి దిగిపోతుంది. గ్యాసు సిలిండరు వచ్చినా సరే, గుండె ముందు కొట్టుకుని తర్వాత అడుగుతుంది ఎవరని.

నీకు ధైర్యం చెప్పడం నాకు రావడం లేదు. ఒక పని చేద్దాం. పదకొండింటికి మన టీ టైము గుర్తుందా? రేపటి నుంచి సరిగ్గా పదకొండుకి నువ్వు అక్కడ టీ పెట్టుకో, నేను ఇక్కడ పెట్టుకుంటాను. నీ గొంతు వినపడదు, నా గొంతు నీకు వినపడదు. అయినా ఆ పావుగంట నువ్వొక్కదానివే లేవని అనుకో. అల్లం వెయ్యి, పిసినారిదానా.

మార్కండేయులుకి చెప్పు. నా కోసం చెప్పు.

కౌసల్య


దిల్‌సుఖ్‌నగర్,
అక్టోబరు 3.

కౌసల్యక్కకు,

పదిహేను రోజులుగా పదకొండుకు టీ తాగుతున్నాను. అల్లం వేస్తున్నాను. మొదటి రోజు వంటింట్లోనే నిలబడి తాగాను. నాలుగో రోజుకు బాల్కనీ తెర ఒక జానెడు జరిపి తాగాను. నిన్న సత్తెమ్మ కిందనుంచి "మొఖం కనిపిచ్చిందమ్మా ఇయ్యాల!" అని అరిచింది. కాసేపు బాగనిపించింది.

బాగనిపించిన కొద్దీ నీకు చెప్పనిది లోపల కుళ్లుతోంది. ఆ పావుగంట నువ్వు నాకోసం కూర్చుంటున్నావు. నేను ఏం చేశానో తెలిస్తే కూర్చుంటావా?

ఆ రోజు సాయంత్రం ఆరు దాటింది. పొద్దుటి నుంచి ముద్ద ముట్టలేదు. వాడు అడిగాడు: "మేడమ్, మీకు బాగా దగ్గరి మనిషి ఎవరు? పేరు, అడ్రసు, నెంబరు చెప్పండి."

నేను ఆలోచించలేదు అక్కా. ఆలోచించి చెప్పి ఉంటే ఇంత బాధ ఉండేది కాదు. వాడు అడిగిన తీరు నూట తొంభై ఏడుకు ఎవరో ఫోన్ చేసినట్టే ఉంది. నా నోరు దానంతటదే తెరుచుకుంది. ఇంటిపేరు ముందు, పేరు తర్వాత, డోర్ నెంబరు, కాలనీ, ఆనవాలు. ఫోన్ నెంబరు రెండుసార్లు. రెండోసారి మెల్లగా, వాడు రాసుకోవడానికి వీలుగా చెప్పాను. చెప్పి ముగించాక గాని ఆ నెంబరు నీదని నాకు తెలియలేదు.

నీ పేరు చెప్పాను. నిన్ను వాడి చేతిలో పెట్టాను. కాలు విరిగి మంచం మీద ఉన్న నిన్ను.

తమ్ముణ్ని దాచుకుని నిన్ను ఇచ్చానా అని రోజూ నన్ను నేనే అడుగుతాను. దాచలేదు. దగ్గరి మనిషి ఎవరంటే నువ్వే వచ్చావు నోటికి. ఇది చెప్పుకుంటే తప్పు తక్కువవుతుందని చెప్పడం లేదు.

అందుకే నీకు ఫోన్ వచ్చిందా అని అడుగుతూ వచ్చాను. పోలీసుల భయం ఒకటైతే, ఇది దాని మీద భయం. జైలుకు పోతే పోతాను. నువ్వు ఇక మాట్లాడవేమోనన్నదే నన్ను నిద్ర పోనివ్వడం లేదు. పిల్లల్లేరు, ఆయన లేడు. నువ్వు కూడా పోతే నాకు మిగిలేది ఈ గడియ పెట్టిన తలుపే.

సందులో బతుకమ్మ ఆడుతున్నారు. చప్పట్లు వినబడుతున్నాయి. నేను కిటికీ మూసుకుని ఇది రాశాను.

రాజేశ్వరి


దిల్‌సుఖ్‌నగర్,
అక్టోబరు 12, దసరా.

అక్కా,

తొమ్మిది రోజులైంది. సత్తెమ్మను రోజూ అడుగుతున్నాను. "కాయిదం ఇచ్చినమ్మా, చేతులనే పెట్టిన. చదువుకుంట మొఖం చిన్నగ చేస్కుంది. జవాబేం ఇయ్యలే" అంటుంది.

తిట్టు రాసినా సరే, పంపు. పదకొండింటికి టీ పెట్టుకోవడానికి కూడా భయమేస్తోంది, నువ్వు తాగడం లేదేమోనని. ఈ రోజు పెట్టి పారబోశాను.

రా.


ఎల్బీనగర్,
అక్టోబరు 15.

రాజేశ్వరీ,

టీ తాగుతూనే ఉన్నాను. ఒక్క రోజు మానలేదు. దాన్ని పారబోసినందుకు నిన్ను తిట్టాలి.

ఉత్తరం రాయలేదంటే కోపంతో కాదు. సిగ్గుతో. నువ్వు చెప్పేశావు గనక ఇక నేను చెప్పకుండా ఉండడానికి లేదు. ఇన్ని రోజులూ కాగితం ముందు పెట్టుకుని కూర్చుని, ఇందు వస్తే దిండు కింద దాచేశాను.

నాకు తెలుసు. మొదటి రోజు నుంచీ తెలుసు.

ఆగస్టు ఆరున సాయంత్రం ఆరున్నరకి నాకు ఫోన్ వచ్చింది. "కొల్లి వెంకట సుబ్బ కౌసల్యగారేనా?" అన్నాడు. నన్ను అలా పిలిచేవాళ్లు ఈ భూమ్మీద లేరు. నా శుభలేఖలో కూడా ఒట్టి కౌసల్య అనే ఉంది. ఆ పేరు మన హాజరు పట్టీలో ఉండేది, పక్కన సంతకం పెట్టిన నీకు తెలుసు. ఆ తర్వాత డోర్ నెంబరు, కాలనీ, "నీళ్ల ట్యాంకు వెనక వీధి" అని ఆనవాలు, అంతా నీ వరసలోనే చదివాడు. నా రాజేశ్వరి ఎక్కడో ఇరుక్కుపోయిందని అప్పుడే అర్థమైంది. మత్తుమందులు, కేసు అని ఇంకేదో మొదలుపెట్టాడు. రాంగ్ నెంబర్ అని పెట్టేశాను. పార్టీ పెట్టకుండా పెట్టెయ్యడం నా జన్మలో అదే మొదలు.

ఆ తర్వాత ఏం చేశానో అడుగు. ఏమీ చెయ్యలేదు. అదే నా తప్పు.

నువ్వు ఇంకా లైన్ మీద ఉన్నావని తెలుసు. మార్కండేయులు నెంబరు నా దగ్గరుంది. ఇందు ఏడుకల్లా ఇంటికి వచ్చింది. ఒక్క మాట చెబితే అది స్కూటీ తీసుకుని అరగంటలో నీ ఇంట్లో ఉండేది. చెప్పలేదు. వాడు చెప్పిన కేసు నేనూ నమ్మాను, రాజేశ్వరీ. నీ దగ్గరికి ఎవరినైనా పంపితే నా కూతురి పేరు కూడా రాసుకుంటారనుకున్నాను. ఛార్జరు పాడైందని అబద్ధం చెప్పి మూడు రోజులు ఫోన్ ఆపేశాను. నువ్వు ఏమయ్యావో తెలియకుండా పన్నెండు రోజులు అన్నం తిన్నాను, సీరియల్ కూడా చూశాను. పదో రోజున గాని నీకు ఫోన్ చెయ్యలేదు. ఆ తర్వాత ఏమీ ఎరగనిదానిలా, ఏమైందే అని ఉత్తరం మొదలుపెట్టాను. నీకు ధైర్యం చెప్పిన ఈ పెద్దమనిషి భోగట్టా ఇది.

నీకు భయంలో నా పేరు నోటికొచ్చింది. నాకు భయంలో నువ్వు గుర్తుండీ నోరు పెగల్లేదు. నన్ను క్షమించమని అడగడానికి కూడా మొహం చెల్లడం లేదు, అయినా అడుగుతున్నాను.

వాడు ఆ తర్వాత నాలుగుసార్లు చేశాడు. ఎత్తలేదు. పది రోజులుగా చెయ్యడం లేదు. అయినా బెల్లు మోగితే ఇప్పటికీ ఒళ్లు చల్లబడుతుంది. నిన్న కర్ర పట్టుకుని నీ దగ్గరికి బయల్దేరాను. ఆరు మెట్లు దిగి కూర్చుండిపోయాను. పైకీ వెళ్లలేను, కిందికీ రాలేను. ఇందు వచ్చి నానా చీవాట్లు పెట్టి తీసుకెళ్లింది. అప్పుడు దానికి అంతా చెప్పేశాను. నా కాలు ఎత్తి దిండు మీద పెట్టింది. తర్వాత, "నాకు ఆ రోజే చెప్పాల్సిందమ్మా" అంది.

నేను రాలేను. నువ్వు రా. ఆ పందొమ్మిది ముప్ఫైకి మనిద్దరం కలిసి చేద్దాం. నేను నెంబరు నొక్కుతాను, నువ్వు మాట్లాడు. నీ గొంతు ఆగిపోతే నేను అందుకుంటాను.

రాకపోతే నాకు అర్థమవుతుంది. రా.

కౌసల్య


దిల్‌సుఖ్‌నగర్,
అక్టోబరు 16.

కౌసల్యక్కకు,

నీ ఉత్తరం చదివి చాలా కోపమొచ్చింది. పన్నెండు రోజులు! నేను బాత్రూంలో కూర్చున్న రెండు గంటలే ఎంత పొడుగో నాకు తెలుసు. సీరియల్ చూశానని రాశావు చూడు, అక్కడ కాగితం విసిరికొట్టాను. కాసేపయ్యాక పోయి తెచ్చుకున్నాను. నువ్వు కూడా నా అంత పిరికిదానివేనని తెలిసి ఏడుపొచ్చింది, మనసు కూడా తేలికపడింది. ఇన్ని రోజులు నేనొక్కదాన్నే పిరికిదాన్నని అనుకున్నాను.

క్షమించడం గురించి రాతలో చెప్పను.

ఈ రోజు తలుపు తీశాను. గేటు దాకా పోయి వచ్చేశాను.

అక్టోబరు 17. మెట్రో మెట్ల దాకా పోయాను. కోచింగ్ పిల్లలు గుంపులు గుంపులుగా దిగుతున్నారు. అందరూ నన్నే చూస్తున్నట్టనిపించింది. మెట్ల పైన సెక్యూరిటీ మనిషి చేతిలో తనిఖీ మిషను చూసి వెనక్కి తిరిగాను. ఇంటికొచ్చేదాకా ఎవరో వెనక వస్తున్నారనుకున్నాను. టీ తాగాను.

అక్టోబరు 18. సత్తెమ్మకు కిందికి దిగి చెప్పాను. అంతా కాదు, భయమని మాత్రం. అది తట్ట నెత్తికెత్తుకుని, "నేను ఇంటికి పొయ్యేటప్పుడు ఎల్బీనగర్ మీదికెల్లే పోత గద. రేపు నా ఎంబడి రా. నిన్ను ఆడ దించి పోత" అంది. ఇంకేమీ అడగలేదు.

అక్టోబరు 19. బస్సు ఎక్కబోతే కండక్టరు ఖాకీ బట్టలు కనబడి కాళ్లు ఆగిపోయాయి. సత్తెమ్మ వెనక నుంచి నెట్టింది, "గాయన కండక్టరమ్మా, ఎక్కు!" అని. ఎక్కి కూర్చున్నాను. ఆయన వచ్చి చెయ్యి చాపి, "ఆధార్ చూపెట్టమ్మా" అన్నాడు. ఖాకీ చొక్కా, ఆధార్. ఆడవాళ్లకు ఫ్రీ టికెట్ కోసం అందరినీ అడుగుతారని నాకు తెలుసు, రోజూ చూపించి తిరిగినదాన్నే. సంచిలో చెయ్యి పెడితే కార్డు వేళ్లకు దొరకదు. సత్తెమ్మ నా సంచి తీసుకుని, కార్డు వెతికి చూపించింది. ఆయన సున్నా టికెట్ చింపి ఇచ్చి, "పానం బాగలేదా పెద్దమ్మా? కిటికీ తియ్యి, గాలొస్తది" అని ముందుకు పోయాడు. అంతే. రెండున్నర నెలలుగా నేను ఎదురుచూసిన ఖాకీ మనిషి నన్ను గాలి పీల్చుకొమ్మన్నాడు.

ఇది మీ మెట్ల మీద కూర్చుని రాస్తున్నాను. రెండో అంతస్తు. సత్తెమ్మ కింద వదిలి బస్సుకు పోయింది. ఇంకొక్క అంతస్తు ఉంది. భయం పోలేదు అక్కా. పోయిందని అబద్ధం రాయను. ఇక్కడి నుంచే దిగిపోదామని కూడా ఒకసారి లేచాను.

అప్పుడు పై నుంచి నీ గొంతు వినిపించింది. ఇందును కాబోలు, పప్పులో ఉప్పు వెయ్యడం కూడా రాదా అని తిడుతున్నావు. రెండున్నర నెలల తర్వాత వింటున్నాను నీ గొంతు. మళ్లీ కూర్చుని, నువ్వు తిట్టడం అయిపోయేదాకా విన్నాను.

వస్తున్నాను. తలుపు కొడతాను. ఎవరని అడగకుండా తియ్యకు, రోజులు మంచివి కావు. అడుగు. ఈసారి నా పేరు చెబుతాను.

రాజేశ్వరి